ఒకే పీఓపీ అచ్చుతో బోలు బొమ్మల తలలు, చేతులు: తక్కువ ఖర్చులో ఇంట్లో చేసుకునే పద్ధతి

సంక్రాంతి కొలువు ఎత్తేశాక ఒకసారి, దసరాకు నెల ముందు మరోసారి నన్ను ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు: "గుడ్డ బొమ్మకు తల కావాలండి. ముద్దగా పోస్తే బరువెక్కి మెడ వాలిపోతోంది. లోపల బోలుగా రావాలంటే ఏం చేయాలి?" అడిగినవారిలో చాలామంది అప్పటికే సిలికాన్ రబ్బరు, రెజిన్ ధరలు కనుక్కుని వెనక్కి తగ్గినవారే.

ఆ రెండూ లేకుండానే పని జరుగుతుంది. బాగా ఆరిన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) అచ్చు ఒక్కటి ఉంటే అందులో కాగితం అద్దవచ్చు, లేదా రబ్బరు పాలు (లేటెక్స్) పోయవచ్చు, లేదా జారు మట్టి, అంటే నీళ్లతో జారుగా కలిపిన మట్టి, పోయవచ్చు. ఈ మూడింటిలో ఏది చెడినా తొంభై పాళ్లు తప్పు అచ్చుదే. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా అచ్చు గురించే ఉంటుంది. ఉదాహరణకు 8 సెం.మీ. ఎత్తు, 6 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. మందం ఉన్న తలను తీసుకుందాం.

1. ముందుగా దేనితో చేయాలో తేల్చుకోవడం

కొలువులో కదలకుండా నిలబడే బొమ్మకు కాగితం చాలు. దీనికి అయ్యే ఖర్చు దాదాపు సున్న. పిల్లలు ఆడుకునే బొమ్మకు, కింద పడినా పగలకూడని తలకు రబ్బరు పాలు మంచివి. కాల్చిన మట్టి బొమ్మే కావాలంటే జారు మట్టి పోయాలి. అయితే దగ్గరలో ఆవం పెట్టే కుమ్మరి ఉంటేనే ఆ దారిలోకి దిగండి.

ఈ నిర్ణయం ముందే ఎందుకంటే, ఆరేటప్పుడు ఒక్కో పదార్థం ఒక్కోలా కుంచించుకుపోతుంది. కాగితం పెద్దగా తగ్గదు. రబ్బరు పాలు నూటికి 5 నుంచి 10 పాళ్లు, మట్టి ఆరి కాలేసరికి 10 పాళ్లు లేదా అంతకన్నా ఎక్కువ తగ్గుతాయి. ఆ మేరకు మూల బొమ్మను, అంటే అచ్చు తీయడానికి ముందుగా మట్టితో చేసే బొమ్మను, పెద్దదిగా చేసుకోవాలి.

ఫైబర్ రెజిన్ సంగతి కూడా అడుగుతారు. ఇంట్లో, అందులోనూ వంటింటి పక్క వరండాలో, ఆ ఘాటు మధ్య పని చేయవద్దనే నా సలహా. దానికి వాడే గట్టిపరిచే ద్రవం, కోబాల్ట్ ద్రవం నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే పేలే ప్రమాదం ఉంది. నేర్చుకునే దశలో అది అనవసరమైన సాహసం.

2. సిద్ధం చేసుకోవలసినవి

☐ కొత్త పీఓపీ, 2 కిలోలు. ఒలికిపోయేదానికి మరో అర కిలో
☐ గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు
☐ రాళ్లు, వేళ్లు లేని బంకమట్టి, 3 కిలోలు
☐ నాలుగు ప్లైవుడ్ ముక్కలు, వాటిని బిగించడానికి తాడు
☐ నూనెతో చేసిన బట్టల సబ్బు (డిటర్జెంట్ బార్ పనికిరాదు)
☐ మెత్తని బ్రష్షులు రెండు, ఒక ప్లాస్టిక్ బేసిను, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు
☐ పాత సైకిల్ ట్యూబును అడ్డంగా కోసిన రబ్బరు పట్టీలు, నాలుగైదు
☐ ఒక టిన్ను మంచినీళ్లు

చివరిది చూసి నవ్వుకోవద్దు. నరసాపురం, అంతర్వేది వైపు, ఉప్పాడ తీరం పొడవునా చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీటిలో కలిపిన పీఓపీ చేతిలో ఉండగానే గట్టిపడిపోతుంది, అచ్చు బలహీనంగా వస్తుంది, ఆరాక పైన తెల్లని ఉప్పు పూత పూస్తుంది.

పీఓపీ కొనేటప్పుడు గోడలకు పూసే జిప్సం ప్లాస్టర్ తీసుకోవద్దు. పని చేసేవారికి వ్యవధి ఉండాలని అందులో మందు కలుపుతారు, అది ఆలస్యంగా బిగుస్తుంది. విడిగా అమ్మే పిండి అయితే రెండు చెంచాలు కలిపి చూడండి. అరగంటలో గోటితో నొక్కినా దిగనంత గట్టిపడితే మంచిది. గట్టిపడినా పిండిలా రాలుతుంటే గాలిలోని చెమ్మ తాగిన సరుకన్నమాట. మన తేమకు సంచీ విప్పిన పీఓపీ త్వరగా పాడవుతుంది కాబట్టి మిగిలినదాన్ని మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసుకోండి.

3. మూల బొమ్మను చేయడం

తలను బంకమట్టితోనే చేయండి. తడి మట్టికి పీఓపీ అతుక్కోదు కాబట్టి నూనె, వాజలిన్ ఏదీ రాయనక్కరలేదు. మెడ కింద 3 సెం.మీ. పొడవున, బయటికి పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు ఆకారంలో ఒక మట్టి దిమ్మ అతికించండి. తరువాత పోసేది, ఒంపేది అంతా ఆ దారిలోనే జరుగుతుంది.

ముక్కు రంధ్రాలు, పెదవుల మధ్య గీత, చెవి వెనక సందు లోతుగా చేయకండి. అచ్చులోంచి వస్తువు తిన్నగా పైకి లేవాలి, ఎక్కడ కొక్కెంలా పట్టినా చెవి విరిగి అచ్చులోనే ఉండిపోతుంది. చెవుల వెనక సందును మట్టితో పూడ్చి, లోతు కావలసినచోట తరువాత రంగుతో చూపించండి.

అమ్మమ్మల నాటి కొలువు బొమ్మను తెచ్చి "దీని మీదే అచ్చు తీయవచ్చా?" అని అడిగేవారున్నారు. వద్దు. పీఓపీలోని నీళ్లకు పాత రంగు ఊడిపోతుంది, కాల్చని మట్టి అయితే మెత్తబడి చేతికి వస్తుంది. దాన్ని ఎదురుగా పెట్టుకుని చూస్తూ కొత్తగా చేయండి.

4. రెండు సగాలు కలిసే గీతను గుర్తించడం

తలను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పెన్సిలును నిటారుగా పట్టుకుని, దాని ప్రక్క భాగం తలకు తగిలేలా చుట్టూ తిప్పండి. పెన్సిలు ఎక్కడ ఒరుసుకుంటే అక్కడే తల అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నట్లు. రెండు సగాలు ఆ గీత మీదే కలవాలి. సాధారణంగా ఇది నడినెత్తి నుంచి చెవుల అంచు మీదుగా మెడకు దిగుతుంది. అంచనాగా గీస్తే చెవి దగ్గర తప్పుతుంది. నేను తీసిన మొదటి మూడు అచ్చులూ అక్కడే పోయాయి.

ఇప్పుడు ఆ గీత దాకా తలను మట్టి పరుపులో పూడ్చండి. పరుపు తలకు తగిలేచోట సందు లేకుండా, నున్నగా, సమమట్టంగా ఉండాలి. తల చుట్టూ పరుపు మీద రూపాయి బిళ్లంత గుంటలు మూడు చెంచాతో తవ్వండి. మొదటి సగంలో ఇవి బొడిపెలుగా వచ్చి, రెండో సగంలోని గుంటల్లో కూర్చుంటాయి. దాంతో అచ్చు పక్కకు జరగదు.

చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టండి. లోపలి కొలత 12 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. పొడవు ఉంటే తలకు మూడు వైపులా 3 సెం.మీ. మందం దొరుకుతుంది, నాలుగో వైపు మెడ దిమ్మ పెట్టె గోడకు తగులుతుంది. పలకల సందులన్నీ బయటినుంచి మట్టితో మెత్తండి. పీఓపీ సూది బెజ్జంలోంచి కూడా కారిపోతుంది.

5. పీఓపీ కలపడం, పోయడం

ఒక లీటరు చోటు నిండడానికి 650 మి.లీ. నీళ్లు, 930 గ్రాముల పీఓపీ కావాలి. మన పెట్టెలో ఒక్కో సగానికి దాదాపు ఇంతే పడుతుంది. కంటి అంచనా మీద కలపకండి. నీళ్లు తక్కువైతే అచ్చు రాయిలా గట్టిపడి నీటిని పీల్చదు, ఎక్కువైతే పీలుస్తుంది కానీ అంచులు రాలిపోతాయి.

ఎప్పుడూ నీళ్లలో పిండి వేయాలి, పిండిలో నీళ్లు పోయకూడదు. పిండిని గుప్పిటతో ముగ్గు చల్లినట్లు నీటి మీద చల్లుతూ పోండి. అంతా వేశాక 2 నిమిషాలు ముట్టుకోకండి, పిండి నీరు తాగనివ్వండి. తరువాత తొడుగు వేసుకున్న చేతిని అడుగుదాకా ముంచి, పైకి లేపకుండా, బుడగలు పుట్టకుండా 2 నుంచి 3 నిమిషాలు మెల్లగా కలపండి. చిక్కటి మజ్జిగలా మారి, వేలితో గీసిన గీత క్షణంపాటు నిలిచినప్పుడు పోయాలి.

మొదట బ్రష్షుతో ముఖం మీద పలుచని పూత వేయండి. ముక్కు పక్కన, కనురెప్పల కింద గాలి చిక్కుకునేది అక్కడే. మిగతాది పెట్టె మూలనుంచి పోసి, బల్లను అరచేత్తో పది సార్లు తట్టండి.

పీఓపీ బిగుసుకునేటప్పుడు బాగా వేడెక్కుతుంది. పిల్లల చేతిని అందులో ముంచి అచ్చు తీయాలన్న సరదా పొరపాటున కూడా వద్దు, చర్మం కాలిపోతుంది. మిగిలినదాన్ని తూములో పారబోయకండి, గొట్టంలోనే గడ్డకడుతుంది. బేసినులోనే గట్టిపడనిచ్చి దులిపేయండి.

6. రెండో సగం

వేడెక్కి మళ్లీ చల్లబడ్డాక, అంటే దాదాపు 45 నిమిషాలకు, పెట్టె విప్పి మొత్తాన్ని తిరగేయండి. మట్టి పరుపును తీసేయండి కానీ తలను మాత్రం కదపకండి. ఒక్కసారి కదిలినా తిరిగి అదే చోట కూర్చోదు.

100 గ్రాముల సబ్బును తురిమి అర లీటరు వేడి నీళ్లలో కరిగించి, పీఓపీ అంచు మీద మాత్రమే పూయండి. పూసి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ పూయాలి. ఇలా కనీసం మూడు సార్లు చేశాక చుక్క నీరు వేస్తే ఇంకకుండా ముత్యంలా నిలవాలి. ఈ పని మరిచిపోయి పోస్తే పీఓపీకి పీఓపీ అతుక్కుని రెండు సగాలూ ఒకే బండ అవుతాయి, సుత్తితో కొట్టడం తప్ప దారి ఉండదు.

పెట్టె మళ్లీ కట్టి, అదే కొలతతో రెండో సగం పోయండి. గంట తరువాత అంచు సందులో చెక్క పుల్ల దూర్చి మెల్లగా విడదీయండి, ఇనుప చాకుతో పొడవకండి. లోపలి మట్టి తీసి తడి స్పాంజితో కడగండి. లోపలి ముఖానికి నూనె, సబ్బు తగలకూడదు, తగిలినచోట అచ్చు నీరు పీల్చదు.

7. అచ్చును ఆరబెట్టడం

ఇక్కడే అందరూ తొందరపడతారు. నేనూ పడ్డాను. ఒక జూలైలో తీసిన అచ్చును ఐదో రోజున చెంపకు ఆనించి చూసి, పైకి పొడిగానే ఉందనుకుని రబ్బరు పాలు పోశాను. గంట తరువాత ఒంపితే లోపల పాల మీద మీగడంత పొర తప్ప ఏమీ మిగలలేదు. అది కూడా అచ్చునుంచి ఊడిరాక తునకలు తునకలైంది.

చేతికి పొడిగా తగలడం సాక్ష్యం కాదు, తూకమే సాక్ష్యం. 930 గ్రాముల పీఓపీ గట్టిపడడానికి వాడుకునే నీరు సుమారు 173 గ్రాములే. మిగతా 477 గ్రాములూ అచ్చు రంధ్రాలలో దాగి ఉంటాయి, అవి బయటికి పోవాలి. పోసిన రోజున ఒక సగం దాదాపు 1,580 గ్రాములు తూగితే, పూర్తిగా ఆరినప్పుడు 1,100 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఒలికినది పోగా మీ అంకెలు కాస్త తగ్గవచ్చు. అచ్చు వీపు మీదే పెన్సిలుతో తేదీ, తూకం రాస్తూ ఉండండి. వరుసగా రెండు రోజులు అంకె మారకపోతే అచ్చు సిద్ధమైనట్లే.

రెండు సగాలనూ కలిపి, సైకిల్ ట్యూబు పట్టీలు వేసి ఆరబెట్టాలి. విడివిడిగా ఆరితే వంకర తిరిగి మళ్లీ కలవవు. నేల మీద కాకుండా రెండు చెక్కల మీద, ఫ్యాను గాలికి పెట్టండి. ఎండాకాలంలో డాబా మీద పెట్టవచ్చు కానీ గచ్చుకు తగలకుండా ఇటుకల మీద ఉంచండి. 50 డిగ్రీల వేడి దాటితే పీఓపీ తన సొంత నీటినే కోల్పోవడం మొదలుపెట్టి సుద్దలా రాలుతుంది. పొయ్యి దగ్గర, ఓవెన్‌లో పెట్టకూడదనేది అందుకే.

ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఎన్నాళ్లయినా తూకం దిగదు. పెద్ద అట్టపెట్టెకు పైన, కింద కన్నాలు పెట్టి, అడుగున అట్టకు తగలకుండా 60 వాట్ల పాతరకం బల్బు వేలాడదీసి, పైన చెక్కల మీద అచ్చు పెడితే నాలుగైదు రోజుల్లో దారికి వస్తుంది. మనిషి ఇంట్లో ఉన్నప్పుడే బల్బు వెలిగించండి.

8. కాగితంతో తల

పాత దినపత్రికను కత్తెరతో కోయకుండా చేత్తో చింపండి. చింపిన అంచు పలుచనై అతుకు కనిపించదు. ముఖానికి గోరంత ముక్కలు, వెనక తలకు రెండు వేళ్ల వెడల్పు ముక్కలు సరిపోతాయి. నున్నటి వారపత్రిక కాగితం పనికిరాదు.

జిగురుకు 100 గ్రాముల మైదా, 600 మి.లీ. నీళ్లు ఉడికించి చల్లార్చండి. చింతపిక్కల పిండి దొరికితే పావు వంతు కలపండి, పట్టు బాగా పెరుగుతుంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలపడం పాత అలవాటే, అయితే అది విషం. పిల్లల చేతికి వెళ్లే బొమ్మలో వేయకండి, దాని బదులు మెంతిపిండి కలపండి.

మొదటి పొరను జిగురు లేకుండా, ఉత్త నీళ్లలో పది నిమిషాలు నానిన ముక్కలతో వేయాలి. ఈ చిట్కా వల్ల నూనె రాయకుండానే తల ఊడివస్తుంది, అచ్చు కూడా పాడవదు. ముక్క మీద ముక్క సగం ఎక్కేలా, బ్రష్షు కొసతో పెదవుల్లోకి, ముక్కు మొనలోకి నొక్కండి. రెండో పొరనుంచి జిగురు వాడండి. ఒక పొర దినపత్రిక, ఒక పొర గోధుమరంగు కాగితం మార్చి మార్చి వేస్తే ఎక్కడ వదిలేశారో రంగే చెబుతుంది. ఆరేడు పొరలు చాలు.

రెండు సగాలనూ విడిగానే నీడన ఆరనివ్వండి. అంచులు అచ్చును వదిలి లేస్తున్నప్పుడు తీయాలి, అంతకుముందు లాగితే ముక్కు సాగుతుంది. ఎండలో పెడితే అంచులు అప్పడంలా చుట్టుకుంటాయి. తీశాక అంచులు కత్తిరించి, కలిపి పట్టుకుని, మెడ రంధ్రంలోంచి వేలు పెట్టి లోపలివైపు, తరువాత బయటివైపు కాగితం పట్టీలు అతికించండి. సుద్దపొడి, ఫెవికాల్ ముద్దతో అతుకు పూడ్చి, 120 నంబరు గరుకు కాగితంతో, ఆపై 220తో రుద్ది రంగు వేయండి.

9. రబ్బరు పాలతో తల

బొమ్మలు పోయడానికని అమ్మే, ముందే వల్కనీకరించిన (గంధకంతో పదును చేసిన) రబ్బరు పాలు తీసుకోండి. అమ్మోనియా ఘాటు ఉంటుంది కాబట్టి కిటికీలు తెరవాలి. రబ్బరు తొడుగులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవారు ఈ పని పెట్టుకోకూడదు. రాగి, ఇత్తడి గిన్నెలు తగిలితే రబ్బరు చెడిపోతుంది, ప్లాస్టిక్ గిన్నెలే వాడండి.

అచ్చును పట్టీలతో బిగించి, మెడ గరాటు పైకి ఉండేలా నిలబెట్టండి. మన తల లోపల సుమారు 150 మి.లీ. పడుతుంది, గరాటుకు మరికొంత. సన్నని ధారగా, ఒక పక్కనుంచి పోయండి. అచ్చు నీరు పీల్చేకొద్దీ మట్టం దిగుతుంది, దిగినప్పుడల్లా నింపండి. ముప్పావు గంటకు గరాటు అంచున గోటితో చూడండి. పొర రెండు మి.మీ. దాకా వస్తే ఒంపేయండి. గబుక్కున తలకిందులు చేస్తే లోపల గాలి గుటకలు వేసి పొర పీలికలవుతుంది. కొబ్బరి బోండంలో నీళ్లు ఒంపుకున్నట్లు నిదానంగా వంచండి. ఒంపిన పాలను పలుచని గుడ్డలో వడగట్టి డబ్బాలో పోసుకోవచ్చు.

రెండు పుల్లల మీద బోర్లించి ఒక రోజు ఆరనివ్వండి. తీసే ముందు లోపల టాల్కం పౌడరు వేసి ఊపండి, అచ్చు తెరిచేకొద్దీ బయట కూడా చల్లండి. పౌడరు లేకుండా తీస్తే చెవి చెంపకు అతుక్కుని మళ్లీ రాదు. మామూలు రంగు వేస్తే మడతల దగ్గర పగులుతుంది, ఆక్రిలిక్ రంగులో కొంచెం రబ్బరు పాలు కలిపి వేయండి. లోపల బూరుగు దూది కూరితే ఆకారం నిలుస్తుంది.

10. జారు మట్టి గురించి క్లుప్తంగా

డెల్టా బంకమట్టి ఒక్కదానితో ఈ పని కాదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మే నెలలో చేలు ఎలా నెర్రెలు బారతాయో చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. కనీసం సగం చైనా క్లే (తెల్లని పింగాణీ మట్టి) కలపండి. పొడి మట్టిని నానబెట్టి, నైలాన్ చీర ముక్కలో వడకట్టాలి. కిలో పొడి మట్టికి 3 గ్రాముల చాకలి సోడాను వేడి నీళ్లలో కరిగించి కలిపితే తక్కువ నీటితోనే జారుగా వస్తుంది. లీటరు తూస్తే 1,750 గ్రాముల దగ్గర ఉండాలి. పోయడం, ఒంపడం రబ్బరు పాలలాగే, కాకపోతే పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లోనే పొర కడుతుంది.

మొదటిసారి నేను ఒక మట్టి తలను కాల్పించడానికి తీసుకువెళ్లినప్పుడు కుమ్మరి పెద్దాయన దాన్ని చెవి దగ్గర ఆడించి, "ఆయ్, లోపల ఖాళీ అంటున్నారు, మరి ఊపిరి కన్నం ఏదండి?" అని అడిగారు. మెడను నేనే ముచ్చటగా మూసేశాను. మట్టిలో మిగిలిన చెమ్మ ఆవిరైతే పోవడానికి దారి ఉండాలి. పెన్సిలు దూరేంత కన్నం వదిలి, వారం రోజులు ఆరాకే ఆవానికి పంపండి.

11. చేతులు, కాళ్లు

రెండు సెం.మీ. కన్నా సన్నని చేతిని బోలుగా పోయడానికి ప్రయాసపడకండి, దారి మధ్యలోనే పూడుకుపోతుంది. కాగితం ముద్దను తీగ చుట్టూ అద్ది గట్టిగానే చేయండి. వేళ్లు విడివిడిగా చెక్కిన అరచేయి అచ్చులోంచి బతికి బయటపడదు, వేళ్లు కలిపి గీతలతో చూపించండి. కాళ్లు లావుగా ఉంటే తలకు చెప్పిన పద్ధతే.

12. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు

ముఖం మీద బొడిపెలు వస్తున్నాయి: అచ్చులో గాలి బుడగల గుంటలున్నాయి. ఆ చోటు తడిపి, పలుచని పీఓపీ చుక్క పెట్టి నున్నగా చేయండి.

అతుకు దగ్గర రెక్కలా పొర వస్తోంది: పట్టీలు వదులయ్యాయి, లేదా అంచు మీద మట్టి గింజ ఉండిపోయింది.

రెండు మూడు సార్లు పోశాక పొర కట్టడం లేదు: అచ్చు తడిసిపోయింది. మళ్లీ 1,100 గ్రాములకు దిగేదాకా ఆపండి.

ఒకచోట మాత్రమే పొర పలుచగా ఉంటోంది: అక్కడ సబ్బు లేదా నూనె అంటింది. కడిగినా పోదు. ఆ అచ్చును ఇక కాగితానికే కేటాయించండి.

13. అచ్చును దాచిపెట్టడం

☐ లోపలి ముఖాన్ని తడి స్పాంజితో తుడిచి, తూకం నిలిచేదాకా ఆరబెట్టాలి.
☐ రెండు సగాలనూ కలిపి పట్టీ వేయాలి. ఏడాదికోసారి పట్టీ మార్చాలి, సైకిల్ ట్యూబు ఎండి తెగుతుంది.
☐ వీపు మీద తీసిన తేదీ, పూర్తిగా ఆరినప్పటి తూకం, ఏ పదార్థం వాడారో రాయాలి. మట్టికి వాడిన అచ్చులో రబ్బరు పాలు పోయకూడదు.
☐ గచ్చు మీద కాకుండా అటక మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాలి. వరద నీరు వాకిట్లోకి వచ్చే ఊళ్లలో ఇంకా పై అరకు ఎక్కించండి. ఒక్కసారి మునిగిన అచ్చు అంచులు మెత్తబడి మళ్లీ సరిగ్గా కలవవు.